60 ఫోన్లు ఉన్నాయని 60తో గుణించకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఆఫీసులో 60 మంది ఉన్నారు. పాత ఫోన్ లైన్లు తీసేసి క్లౌడ్ పీబీఎక్స్‌కి, అంటే కాల్స్ కలిపే ఎక్స్ఛేంజీ ఇంటర్నెట్‌లో ఉండే పద్ధతికి, మారుతున్నారు. ఇంటర్నెట్ లైన్ 100 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్. వేరేచోట 8 మంది ఉన్న బ్రాంచి ఒకటి వీపీఎన్ మీద, అంటే ఇంటర్నెట్‌లోనే గుప్తంగా వేసిన సొంత దారి మీద, మీ ఆఫీసుకి కలిసి ఉంది. ఒక్కో కాల్‌కి 100 కేబీపీఎస్ (సెకనుకి వెయ్యి బిట్లు ఒక కేబీపీఎస్, వెయ్యి కేబీపీఎస్ ఒక ఎంబీపీఎస్) కావాలని ఒకరన్నారు, 30 చాలని ఇంకొకరన్నారు, 8 కేబీపీఎస్‌లోనే కాల్ నడుస్తుందని ఫోన్లు అమ్మడానికి వచ్చినాయన చెప్పి వెళ్ళాడు. మీరు 60ని 100తో గుణించి 6 ఎంబీపీఎస్ అని తేల్చుకుని, 10 ఉంది కదా, చాలదా అని అడిగారు.

చాలుతుంది. కానీ మీ లెక్క రెండుచోట్ల తప్పింది, అదీ ఒకదానికొకటి ఎదురుగా. 60 మందీ ఒకేసారి మాట్లాడరు కాబట్టి ఎక్కువ వేశారు. క్లౌడ్ పీబీఎక్స్‌లో కొన్ని కాల్స్ మీ లైన్‌ని రెండేసి సార్లు వాడతాయి కాబట్టి తక్కువ వేశారు. ఈ రెండూ సరిచేశాక వచ్చే అంకె చిన్నదే. పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, బ్యాండ్‌విడ్త్ చాలక వాయిస్ చెడిన ఆఫీసులు నాకు తగిలినవి తక్కువే. లైన్‌లో బోలెడంత ఖాళీ ఉండీ చెడినవే ఎక్కువ. ఆ సంగతికి తర్వాత వస్తాను, ముందు ఒక్క కాల్ లెక్క తేలుద్దాం.

మీకు మూడు అంకెలు చెప్పిన ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. తలా ఒకచోట నిలబడి కొలిచారంతే. గొంతుని బిట్లుగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. జి.711 అనే కోడెక్‌ని తీసుకోండి. పాత డిజిటల్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల నుంచి వచ్చింది, 1972 నాటిది, ఇప్పటికీ దాదాపు ప్రతి ఐపీ ఫోన్‌లోనూ ఉంటుంది. గొంతుని సెకనుకి 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతని 8 బిట్లలో రాసుకుంటుంది. సెకనుకి 64,000 బిట్లు. అందుకే దాన్ని 64 కేబీపీఎస్ కోడెక్ అంటారు.

అయితే ఫోన్ ఆ బిట్లని నీళ్ళ ధారలా పంపదు. 20 మిల్లీసెకన్ల మాటని పోగుచేసి, ఒక ప్యాకెట్‌లో కట్టి పంపుతుంది. అంటే సెకనుకి 50 ప్యాకెట్లు, ఒక్కో దాంట్లో 160 బైట్ల గొంతు. దానిమీద చిరునామా చీటీల్లాంటి హెడర్లు మూడు ఎక్కుతాయి: 12 బైట్ల ఆర్‌టీపీ హెడర్, 8 బైట్ల యూడీపీ హెడర్, 20 బైట్ల ఐపీ హెడర్. మొత్తం 200 బైట్లు. 200ని 8తో, మళ్ళీ 50తో గుణిస్తే 80 కేబీపీఎస్. ఈథర్నెట్ మీద వెళ్ళాలంటే ఇంకో 18 బైట్లు, అంటే 218 బైట్లు, 87.2 కేబీపీఎస్. కాల్‌ని ఎన్‌క్రిప్ట్ చేస్తే, అంటే ఎస్‌ఆర్‌టీపీ పెడితే, సాధారణంగా ప్యాకెట్‌కి మరో 10 బైట్లు, 91.2 అవుతుంది. ఐపీ కొత్త రూపం ఐపీవీ6 అయితే ఐపీ హెడర్ 20 బదులు 40 బైట్లు, ఇంకో 8 కేబీపీఎస్ కలపండి. మీకు 100 అని చెప్పినాయన ఇవన్నీ కలిపి పైకి సవరించి ఉంటాడు. ప్లానింగ్‌కి నేను వాడేదీ అదే అంకె.

8 కేబీపీఎస్ అన్నాయన చెప్పింది జి.729 కోడెక్ సంగతి. అది గొంతుని నిజంగానే 8 కేబీపీఎస్‌కి కుదిస్తుంది. 20 మిల్లీసెకన్లకి కేవలం 20 బైట్లు. కానీ హెడర్లు కుదించుకోవు కదా, అవి అదే 40 బైట్లు. అసలు కన్నా కొసరే రెండింతలు. 60 బైట్లు, సెకనుకి 50 సార్లు, 24 కేబీపీఎస్. ఈథర్నెట్‌తో 31.2. మీకు 30 చాలన్నది ఇదే. కోడెక్ ఎనిమిదో వంతుకి తగ్గినా లైన్ మీద బరువు మూడో వంతుకి మించి తగ్గలేదని చూశారుగా. కోడెక్ డబ్బా మీద రాసిన అంకె ఎప్పుడూ లైన్ అంకె కాదు.

వీపీఎన్‌లో ఈ తేడా ఇంకా కరిగిపోతుంది. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ తీసుకుంటే, ఐపీ పాత రూపం ఐపీవీ4 మీద ప్రతి ప్యాకెట్‌కీ 60 బైట్లు అదనంగా చేరతాయి, పైగా లోపలి సరుకుని 16 బైట్ల గుణిజానికి నింపుతుంది. జి.729 ప్యాకెట్ 60 నుంచి 64 అయి, మొత్తం 124 బైట్లు అవుతుంది. 24 కేబీపీఎస్ కాస్తా 49.6 అయింది. జి.711 అయితే 200 నుంచి 268 బైట్లు, అంటే 80 నుంచి 107.2కి వెళ్ళింది. చిన్న ప్యాకెట్‌కి రెట్టింపు దాటిన దెబ్బ, పెద్ద ప్యాకెట్‌కి మూడో వంతే. ఐపీసెక్ అనే ఇంకో రకం వీపీఎన్‌లో సెట్టింగులని బట్టి అంకెలు మారతాయి, తీరు మాత్రం ఇదే.

ప్యాకెట్‌లో ఎక్కువసేపటి మాట నింపితే హెడర్ల ఖర్చు తగ్గుతుంది కదా అని మీకు అనిపించవచ్చు. తగ్గుతుంది. జి.729లో 40 మిల్లీసెకన్లకొక ప్యాకెట్ పెడితే 24 కేబీపీఎస్ 16కి దిగుతుంది. కానీ అవతలికి మాట చేరడం ఇంకో 20 మిల్లీసెకన్లు ఆలస్యం. పైగా ఒక ప్యాకెట్ పోతే 40 మిల్లీసెకన్ల మాట ఒకేసారి పోతుంది, అక్షరం మింగేసినట్టు వినిపిస్తుంది. శాటిలైట్ లింకు లాంటిది ఉంటే తప్ప 20ని కదపకండి. మౌనంగా ఉన్నప్పుడు ప్యాకెట్లు పంపకుండా మిగుల్చుకునే సదుపాయం కూడా ఫోన్లలో ఉంటుంది. దాన్ని వాడుకోవచ్చు గానీ లెక్కలో మాత్రం వేసుకోకండి. హోల్డ్ మ్యూజిక్ మౌనంగా ఉండదు, ఇద్దరూ ఒకేసారి అరుచుకునే కాల్‌లో మౌనం అసలే ఉండదు.

ఓపస్ అనే ఇంకో కోడెక్ గురించి ఒక్క మాట. 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6716 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా వచ్చింది. 6 నుంచి 510 కేబీపీఎస్ దాకా ఎక్కడైనా నడుస్తుంది, బ్రౌజర్ నుంచి మాట్లాడే కాల్స్ ఎక్కువగా దాని మీదే. 24 కేబీపీఎస్ దగ్గర పెడితే ప్యాకెట్‌కి 60 బైట్ల గొంతు, హెడర్లతో 100 బైట్లు, ఐపీ దగ్గర 40 కేబీపీఎస్. గొంతు జి.711 కన్నా మెరుగ్గా ఉంటుంది, పోయిన ప్యాకెట్లని తట్టుకునే శక్తీ ఎక్కువ. మీ ఫోన్లూ ప్రొవైడరూ రెండూ ఇస్తామంటే తీసుకోండి. ఇవ్వకపోతే జి.711తో ఉండండి, 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్నవాళ్ళు జి.729 కోసం తాపత్రయపడక్కర్లేదు. ఫ్యాక్స్ మెషీన్ ఇంకా ఉంటే, జి.729లో అది పనిచేయదని మాత్రం గుర్తుంచుకోండి. అది గొంతు కోసం చేసిన కోడెక్, మోడెమ్ కూతలు దానికి ఎక్కవు.

ఇక ఒకేసారి ఎన్ని కాల్స్ అన్నది. ఊహించకండి, మీ పాత ఫోన్ బిల్లు తీయండి. కాల్ మొదలైన టైమూ ఎంతసేపు నడిచిందీ అందులో ఉంటాయి. నెల మొత్తంలో అన్నిటికన్నా రద్దీగా ఉన్న గంటని పట్టుకోండి. బయటివాళ్ళు మీకు చేసినవి బిల్లులో ఉండకపోవచ్చు, అవి పాత పీబీఎక్స్ లాగ్‌లో దొరుకుతాయి. మీ అంకెలు నా దగ్గర లేవు కాబట్టి మచ్చుకి ఇలా అనుకుందాం: ఆ గంటలో బయటి కాల్స్ 90, ఒక్కోటి సగటున 4 నిమిషాలు. మొత్తం 360 నిమిషాల మాట. గంటకి 60 నిమిషాలు కాబట్టి సగటున 6 కాల్స్ ఒకేసారి నడుస్తున్నాయి. ఈ 6ని 6 ఎర్లాంగ్‌లు అంటారు. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణితజ్ఞుడి పేరు అది. ఆయన 1917లో ఇచ్చిన సూత్రమే మనం ఇప్పుడు వాడబోయేది.

సగటు 6 కదా, 6 కాల్స్‌కి చోటుంటే చాలదా? చాలదు. కాల్స్ చెప్పుకుని వరసలో రావు. పది నిమిషాలు ఫోన్ మోగదు, తర్వాత ఒక్కసారే పది మోగుతాయి. 6 ఎర్లాంగ్‌లకి 6 లైన్లే పెడితే నాలుగింట ఒక కాల్‌కి పైగా, సుమారు 26 శాతం, బిజీ టోన్ తగులుతుంది. 12 పెడితే అది 1.1 శాతానికి, 13 పెడితే అర శాతానికి దిగుతుంది. నూటికి ఒకటికి మించి తిరిగి వెళ్ళకూడదనుకుంటే 13 కావాలి. ఈ సూత్రాన్ని ఎర్లాంగ్ బి అంటారు, దాని కాలిక్యులేటర్లు నెట్‌లో దొరుకుతాయి, మీ నిజమైన అంకెలు అందులో వేయండి.

ఇక్కడే పాత లైన్లకీ వీటికీ ఉన్న అసలు తేడా. పాత పద్ధతిలో 13 లైన్లుంటే 14వ మనిషికి బిజీ టోన్ వచ్చేది, మిగతా 13 మంది మాటకి ఏమీ అయ్యేది కాదు. ఐపీలో 14వ కాల్‌ని ఎవరూ ఆపరు. అది లోపలికొస్తుంది, చోటు చాలకపోతే 14 కాల్సూ కలిసి చెడతాయి. అందుకని పీబీఎక్స్‌లో ఒకేసారి నడిచే కాల్స్ మీద పరిమితి పెట్టే సెట్టింగ్ ఉంటే తప్పక పెట్టండి. ఒకరికి బిజీ టోన్ వస్తే వాళ్ళు మళ్ళీ చేస్తారు. 14 మందికి గొంతు మరమనిషిలా వినిపిస్తే 14 మందీ మీ మీద పడతారు.

మీది కాల్ సెంటరైతే ఈ లెక్కంతా పక్కన పెట్టేయండి. అక్కడ అందరూ ఎప్పుడూ లైన్ మీదే ఉంటారు, సీట్ల సంఖ్యే కాల్స్ సంఖ్య. ఆటో డయలర్ ఉంటే సీట్ల కన్నా ఎక్కువే.

ఇప్పుడు రెండో తప్పు, చాలామంది చూడనిది. పక్క టేబుల్ మనిషికి మీరు ఎక్స్‌టెన్షన్ నొక్కి ఫోన్ చేశారనుకోండి. పీబీఎక్స్ మీ సర్వర్ రూమ్‌లో ఉంటే ఆ మాట ఆఫీసు దాటి బయటకి పోదు. పీబీఎక్స్ క్లౌడ్‌లో ఉంటే, చాలా చోట్ల ఆ మాట మీ లైన్ మీద క్లౌడ్‌కి వెళ్ళి, అక్కడ తిరిగి, మళ్ళీ మీ లైన్ మీదే వెనక్కి వస్తుంది. ఇద్దరి మాటలూ అంతే. ఆరడుగుల దూరంలో ఉన్న మనిషితో మాట్లాడ్డానికి ఇంటర్నెట్‌లో రెండు కాల్స్ బరువు. ఫోన్లు తమలో తాము నేరుగా మాట్లాడుకునే ఏర్పాటు కొన్ని పీబీఎక్స్‌లలో ఉంటుంది, ప్రొవైడర్‌ని అడగండి. కాల్ రికార్డింగ్ పెడితే మాత్రం మళ్ళీ క్లౌడ్ మీదుగానే వెళ్ళొచ్చు, అదీ అడగండి.

రద్దీ గంటలో లోపలి కాల్స్ 40, సగటున 3 నిమిషాలు అనుకుంటే 2 ఎర్లాంగ్‌లు. పైన చెప్పిన లెక్క ప్రకారమే 7 కాల్స్‌కి చోటు కావాలి, ఒక్కోటి రెండు లెక్కన 14. బయటివి 13 కలిపితే 27. ఒక్కోటి 100 కేబీపీఎస్, 2.7 ఎంబీపీఎస్. రెండు రకాల రద్దీ ఒకే క్షణంలో రావడం అరుదు కాబట్టి ఇది కొంచెం ఎక్కువ వేసిన లెక్కే, ఉండనివ్వండి. ఇది వెళ్ళేటప్పుడు 2.7, వచ్చేటప్పుడు 2.7. స్పీడ్ టెస్ట్‌లో పెద్దగా కనిపించే 100 మిమ్మల్ని ఏమార్చకూడదు, మీకున్నది 10. వాయిస్‌కి చిన్న అంకే లెక్క.

ఆ 10 కూడా నిజంగా 10 అవునో కాదో చూడండి. వారం పాటు రోజూ రద్దీ గంటలో, ఫోన్ వైఫై మీద కాకుండా తీగ మీద పెట్టిన కంప్యూటర్‌తో కొలవండి. వచ్చినవాటిలో అన్నిటికన్నా తక్కువది తీసుకోండి. నేను పాటించే నియమం ఒకటుంది: మొత్తం వాయిస్ అప్‌లోడ్‌లో మూడో వంతు దాటకూడదు. వాయిస్‌కి అందరికన్నా ముందు దారి ఇవ్వబోతున్నాం. ముందు దారి తీసుకునేవాళ్ళే సగం మందైతే, వాళ్ళలో వాళ్ళకే మళ్ళీ వరస కట్టాల్సి వస్తుంది, మిగతావాళ్ళకి దారే ఉండదు. 10లో మూడో వంతు 3.3, మీది 2.7. కొలిచినప్పుడు 8 లోపు వస్తుంటే నాకు మళ్ళీ చెప్పండి, అప్పుడు ఓపస్ గురించి ఆలోచిద్దాం.

ఇల్లు అలకగానే పండగ కాదు. మీరు అడగని ప్రశ్న ఇంకొకటి మిగిలింది.

ఒక ఆఫీసులో రోజూ సాయంత్రం ఐదున్నరకి ఫోన్లన్నీ చెడేవి. ఇరవై నిమిషాలు వాయిస్ బ్రేక్, తర్వాత ఏమీ జరగనట్టు బాగైపోయేది. నన్ను పిలిచేలోపే వాళ్ళు ప్లాన్ రెండుసార్లు పెంచుకున్నారు. రెండుసార్లూ పెరిగింది డౌన్‌లోడ్. నేను ఐదింటికి వెళ్ళి రిసెప్షన్‌లో లాప్‌టాప్ పెట్టుకుని, బయటి సర్వర్ ఒకదానికి పింగ్ నడుపుతూ, అంటే చిన్న ప్యాకెట్ వెళ్ళి తిరిగి రావడానికి పట్టే టైమ్ కొలుస్తూ, కూర్చున్నాను. 11, 12, 11, 14 మిల్లీసెకన్లు. ఐదున్నర దాటగానే 90, 240, 610, 870. ప్యాకెట్లు ఒక్కటీ పోలేదు, అన్నీ వచ్చాయి, తీరిగ్గా వచ్చాయి. పక్కన రిసెప్షనిస్ట్ అప్పుడే ఫోన్‌లో "వినపడుతోందా అండీ, హలో" అంటోంది. సర్వర్ రూమ్‌లో అకౌంట్స్ బ్యాకప్ క్లౌడ్‌కి ఎక్కే టైమ్ అది. ఎవరో రెండేళ్ళ కిందట ఐదున్నరకి పెట్టి మరిచిపోయారు.

జరిగిందేమిటంటే, బ్యాకప్ లాంటి పని దొరికిన అప్‌లోడ్ అంతా తీసుకుంటుంది, అది దాని స్వభావం. పట్టనివి మోడెమ్ లోపల వరస కడతాయి. మోడెమ్ తయారుచేసినవాళ్ళు ఒక్క ప్యాకెట్ కూడా పారేయకూడదని మెమరీ ఉదారంగా ఇస్తారు. వరస నిలబడే ఆ మెమరీనే బఫర్ అంటారు. 1 ఎంబీ బఫర్ ఉందనుకోండి. 10 ఎంబీపీఎస్ లైన్ మీద ఆ బఫర్ ఖాళీ అవడానికి 0.84 సెకను పడుతుంది. మీ 200 బైట్ల వాయిస్ ప్యాకెట్ ఆ వరస చివర నిలబడి తన వంతు వచ్చేదాకా 840 మిల్లీసెకన్లు ఆగాలి. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణకి ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఇచ్చిన జి.114 సిఫార్సు చెబుతుంది. 840 అంటే మీరు మాట ముగించి జవాబు కోసం చూస్తుంటే అవతలివాళ్ళింకా మీ మొదటి మాట వింటుంటారు, ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి మాట్లాడతారు. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. లైన్ 10 నుంచి 20 చేస్తే బ్యాకప్ 20నీ తినేస్తుంది, బాధ సగం సేపు ఉంటుందంతే.

ఆలస్యం ఒకేలా ఉంటే ఫోన్ సర్దుకుంటుంది. అది ఎగుడుదిగుడైతే జిట్టర్. ఫోన్ లోపల కొన్ని పదుల మిల్లీసెకన్ల జిట్టర్ బఫర్ ఉంటుంది, అంతలోపు వచ్చినవాటినే వరసలో పెట్టి వినిపిస్తుంది. అది దాటాక వచ్చిన ప్యాకెట్‌ని పారేస్తుంది. బస్సు వెళ్ళిపోయాక స్టాండ్‌కి వచ్చిన మనిషీ, అసలు రాని మనిషీ కండక్టర్‌కి ఒకటే. అందుకే పింగ్‌లో ఒక్కటీ పోకపోయినా గొంతు తెగుతుంది. జిట్టర్ 30 మిల్లీసెకన్ల లోపు, ప్యాకెట్ల నష్టం 1 శాతం లోపు ఉంచుకోవాలన్నది ఈ పనిలో అందరూ వాడే కొలత.

ఆ ఆఫీసులో నేను కొనిపించింది ఏమీ లేదు. వాళ్ళ రౌటర్‌లో అప్‌లోడ్‌ని అసలు వేగంలో 90 శాతానికి కట్టేశాను. ఇది వినగానే అందరూ బెదురుతారు, డబ్బులిచ్చి కొన్న వేగాన్ని చేతులారా తగ్గించుకోవడమేమిటని. కిటుకంతా అక్కడే ఉంది. వరస ఎక్కడ కట్టాలో మనం తేల్చాలి. లైన్ కన్నా రౌటర్ నెమ్మదిగా పంపితే మోడెమ్ దగ్గర ఎప్పుడూ వరస ఉండదు, మన రౌటర్ దగ్గరే ఉంటుంది. అక్కడ మన మాట చెల్లుతుంది. వాయిస్ ప్యాకెట్ రాగానే మిగతా అన్నిటినీ ఆపి దాన్ని ముందు పంపమని చెప్పగలం. మీ 10కి అప్‌లోడ్ 9 దగ్గర కట్టండి. రౌటర్‌లో వరసని పెరగనివ్వని ఎఫ్‌క్యూ కోడెల్ గానీ కేక్ గానీ అనే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి, సగం సమస్య దానితోనే పోతుంది. ఫోన్లలో వాయిస్ ప్యాకెట్ల మీద డీఎస్‌సీపీ 46 గుర్తు, అంటే ముందు పంపమనే ముద్ర, పడుతోందో లేదో చూసి, రౌటర్‌లో 46 ఉన్నవాటికి ముందు దారి ఇవ్వండి. బయటి ఇంటర్నెట్‌లో ఆ గుర్తుని ఎవరూ పట్టించుకోకపోవచ్చు. పర్లేదు, ఇరుకు ఉన్నది మీ గుమ్మం దగ్గరే. బ్యాకప్‌ని రాత్రికి మార్చడం కూడా చేశాను, అది ఎవరైనా చేస్తారు.

ముందు దారి ఇచ్చినా, అప్పటికే తీగ మీదకి ఎక్కిన పెద్ద ప్యాకెట్‌ని మధ్యలో దించలేం. 1500 బైట్ల ప్యాకెట్ 10 ఎంబీపీఎస్ మీద వెళ్ళడానికి 1.2 మిల్లీసెకన్లు, అది లెక్కలోకి రాదు. 512 కేబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే 23 మిల్లీసెకన్లు, అక్కడ బాధే. మీకా బెంగ లేదు, మీ బ్రాంచికి ఏముందో చూసుకోండి.

బ్రాంచి సంగతికొస్తే, వాళ్ళ ఫోన్లని ఇప్పటి వీపీఎన్ మీదుగా నడపకండి. అలా చేస్తే బ్రాంచి మనిషి చేసే ప్రతి కాల్ వీపీఎన్‌లో మీ ఆఫీసుకి వచ్చి, అక్కణ్ణుంచి క్లౌడ్‌కి వెళుతుంది. తిరుగుదారీ అదే. బ్రాంచిలో ఒక్క కాల్ మీ 10 ఎంబీపీఎస్ మీద ఒక కాల్ క్లౌడ్ వైపూ, మరో కాల్ వీపీఎన్ బరువుతో సహా బ్రాంచి వైపూ వేస్తుంది. ఆ 8 ఫోన్లూ తమ సొంత లైన్ మీద నేరుగా క్లౌడ్ పీబీఎక్స్‌కి రిజిస్టర్ అయ్యేలా పెట్టండి, ఎస్‌ఆర్‌టీపీ ఆన్ చేయండి. 8 మందికి ఎర్లాంగ్ లెక్క అక్కర్లేదు, 8ని 100తో గుణించి 0.8 ఎంబీపీఎస్ వేసుకోండి. తక్కువమంది ఉన్నచోట అందరూ ఒకేసారి మాట్లాడే రోజు వచ్చి తీరుతుంది. వాళ్ళ అప్‌లోడ్ 2.4 దాటి ఉంటే మూడో వంతు నియమం నిలుస్తుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు క్లౌడ్ మీదుగా మాట్లాడుకున్నా ఆ ఇద్దరివీ రెండు స్ట్రీములే, అంటే రెండు మాటల ప్రవాహాలే, 8 ఫోన్లకి 8కి మించవు. వాళ్ళ రౌటర్‌లోనూ అప్‌లోడ్ కట్టాలి, అది మరిచిపోకండి.

రౌటర్ అంటే గుర్తొచ్చింది. వాటి డబ్బాల మీద ఎంబీపీఎస్ పెద్దక్షరాల్లో రాస్తారు, ఆ పరీక్ష 1500 బైట్ల ప్యాకెట్లతో చేసినది. వాయిస్ ప్యాకెట్లు చిన్నవి, లెక్కకి ఎక్కువ. మీ 27 స్ట్రీములకి అటు 1350, ఇటు 1350, సెకనుకి 2700 ప్యాకెట్లు. మామూలు రౌటర్‌కి ఇది బరువు కాదు. కానీ పాత రౌటరే వీపీఎన్ ఎన్‌క్రిప్షన్ కూడా మోస్తుంటే ప్రాసెసర్ వంద శాతం దగ్గర కూర్చుంటుంది, లైన్ ఖాళీగా ఉంటుంది, గొంతు తెగుతుంది. కాల్స్ నడుస్తున్నప్పుడు రౌటర్ సీపీయూ ఒకసారి చూడండి. అందులో కాల్స్ కలిపే సందేశాలని మధ్యలో సవరించే సిప్ ఏఎల్‌జీ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, ఆపేయండి. సాయం చేస్తానని వచ్చి ఒకవైపు మాట వినపడకుండా చేయడంలో దానికి మంచి పేరుంది.

మొబైల్‌లో సాఫ్ట్‌ఫోన్, అంటే ఆఫీసు ఫోన్ పని చేసే యాప్, వాడేవాళ్ళు డేటా ఎంత అవుతుందని అడుగుతారు. జి.711లో నిమిషానికి పంపేది 600 కేబీ, వచ్చేది 600 కేబీ, మొత్తం 1.2 ఎంబీ. గంటకి 72 ఎంబీ. వీడియో ఆన్ చేస్తే ఈ పోస్ట్‌లోని అంకెలేవీ వర్తించవు.

లైన్లు పీకించే ముందు ఒక రోజు ఉత్తుత్తి ట్రాఫిక్‌తో పరీక్ష చేయండి. స్పీడ్ టెస్ట్ దీనికి పనికిరాదు, అది పెద్ద ప్యాకెట్లతో టీసీపీ మీద కొలుస్తుంది. బయట ఎక్కడైనా ఒక సర్వర్ మీద ఐపెర్ఫ్ అనే నెట్‌వర్క్ పరీక్ష సాఫ్ట్‌వేర్ పెట్టుకుని యూడీపీలో నడపండి: ప్యాకెట్ సైజు 172 బైట్లు, అంటే 160 గొంతు, 12 ఆర్‌టీపీ. ఒక్కో స్ట్రీమ్ 68.8 కేబీపీఎస్, అలాంటివి 27 ఒకేసారి. ముందు అప్‌లోడ్ వైపు, తర్వాత తిప్పి డౌన్‌లోడ్ వైపు, పని వేళల్లో ఒక గంట చొప్పున. మధ్యలో కావాలని ఒక పెద్ద ఫైల్‌ని క్లౌడ్‌కి ఎక్కించండి. ఐపెర్ఫ్ ప్యాకెట్లకి కూడా 46 గుర్తు పెట్టడం మరవకండి, లేకపోతే మీ రౌటర్ వాటిని మామూలు ట్రాఫిక్‌లో కలిపేస్తుంది. ఫైల్ ఎక్కుతున్న అయిదు నిమిషాల్లోనూ జిట్టర్ 30 దాటకుండా, నష్టం 1 శాతం దాటకుండా ఉంటే మీ పని అయినట్టే.

ఫోన్లు వచ్చాక మొదటి కాల్‌ని ప్యాకెట్లు చూపించే వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో పట్టి, టెలిఫోనీ మెనూలో ఆర్‌టీపీ స్ట్రీమ్స్ తెరవండి. జిట్టర్, నష్టం అక్కడే కనిపిస్తాయి. ప్యాకెట్ పొడవు దగ్గర 218 బదులు 214 చూసి కంగారు పడకండి, తప్పులు పట్టే చివరి 4 బైట్ల చెక్‌ని నెట్‌వర్క్ కార్డు సాధారణంగా వైర్‌షార్క్ దాకా రానివ్వదు. ఎస్‌ఆర్‌టీపీ ఉంటే 224. అక్కడ 74 కనిపిస్తే మాత్రం మీరు జి.711 అనుకుంటున్న ఫోన్లని ఆ అమ్మకాలాయన జి.729లో పెట్టి వెళ్ళాడన్నమాట.